బట్టీ లోపలి పూత

కుండ అందాన్ని అందరూ మెచ్చుకుంటారు. బట్టీ లోపలి గోడకు పూత వేసిన చేతిని ఎవరూ తలవరు. నేను ముందు ఆ చేతికే దణ్ణం పెడతాను.

ఇటుకల మీది దుమ్మంతా కుంచెతో దులపాలి. ఆపైన తడపాలి. పొడి ఇటుక పూతలోని నీళ్లను చప్పున పీల్చేస్తుంది, పూత పెచ్చులూడుతుంది. ఆ పెచ్చు గ్లేజు కరుగుతున్న గిన్నె మీద పడిందా, ఇక ఆ గిన్నె పోయినట్టే. పూత మందమైనా ఇలాగే పెచ్చులూడుతుంది. అందుకే జిర్కాన్ అనే ఖనిజం కలిపిన ఆ పూతను పండక్కి సున్నం వేసినంత పల్చగా వేస్తారు.

1000 డిగ్రీలు దాటాక వేడి ఎక్కువగా కిరణాల రూపంలోనే ప్రసరిస్తుంది. గోడ తాగేయబోయే వేడిలో కొంత ఈ పూత కుండల మీదికే మళ్లిస్తుంది. మంట తాకిడి నుంచి ఇటుకనూ కాస్తుంది.

ఈసారి బట్టీ తలుపు తీసినప్పుడు, కుండలతో పాటు ఆ గోడనూ ఒక్కసారి చూడండి.