బంగారు నాణెముపై పరిశుద్ధుడు: ఒక వేదాంత విమర్శ

సేకరణ కొరకు ముద్రించే స్మారక బంగారు నాణెములపై క్రైస్తవ పరిశుద్ధుల రూపములు తరచుగా కనిపిస్తాయి. వీటిని కళాఖండములని మెచ్చుకొనేవారున్నారు. విగ్రహములని తోసిపుచ్చేవారూ ఉన్నారు. రెండూ తొందరపాటు తీర్పులే. వాక్యభాగమును చదివినట్లే నాణెమును కూడా చదవాలి. రూపమెవరిది? పైవ్రాత ఎవరిది? ప్రయోజనమెవరిది? మార్కు 12:13-17లో దేనారమును తెప్పించి ప్రభువు వేసిన ప్రశ్న ఇటువంటిదే.

1. పాత నాణెముల సాక్ష్యము

1252లో ఫ్లోరెన్స్ నగరము ముద్రించిన ఫ్లోరిన్‌లో సుమారు 3.5 గ్రాముల మేలిమి బంగారం ఉండేది. దానికి ఒకవైపు నగరచిహ్నమైన లిల్లీ పువ్వు, మరొకవైపు బాప్తిస్మమిచ్చు యోహాను. ఉన్న రెండు అంగీలలో ఒకటి లేనివానికి పంచమని బోధించిన అరణ్య ప్రవక్త ఈ విధంగా వర్తకుల పెట్టెలలోనికి చేరాడు. 1284లో మొదలైన వెనిస్ డ్యూకాట్ మీద నగరాధిపతి మార్కు సువార్తికుని ఎదుట మోకరించి ధ్వజమును అందుకొంటాడు. చూపునకు ఇది వినయమే. కాని తన అధికారము పరిశుద్ధుని చేతినుండే వచ్చినదని ఆ పాలకుడు లోకమునకు చాటుకొంటున్నాడు కూడా.

2. సవరను మీది జార్జి

ఈనాటికీ ముద్రణలో ఉన్న బ్రిటిష్ సవరను మనకు మరింత దగ్గరిది. 1918లో బొంబాయిలోను, తిరిగి 2013 నుండి మన దేశములోను ఇవి తయారయ్యాయి. దీని బరువు 7.98 గ్రాములు. గోదావరి జిల్లాల్లో కాసు అంటే 8 గ్రాములు, అనగా ఇంచుమించు ఇదే తూకము.

దీని మీది గుర్రపు రౌతును 1817లో రోమునకు చెందిన శిల్పి బెనెడెట్టో పిస్ట్రూచి చెక్కాడు. శిరస్త్రాణము, గాలికెగిరే పైవస్త్రము తప్ప రౌతు దాదాపు దిగంబరుడు. పనితనము అద్భుతమే. అయితే ఈ బొమ్మలో సిలువ లేదు, ప్రార్థన లేదు, శ్రమ లేదు. సంప్రదాయము ప్రకారము జార్జి ఒక సైనికుడు. 303లో మొదలైన డయోక్లీషియను హింసాకాలమున విశ్వాసము విడువక లుద్దలో ప్రాణమిచ్చినవాడు. ఘటసర్ప కథ అనేక శతాబ్దముల తరువాత చేరినది. నాణెము ఆ కథను ఉంచుకొని హతసాక్షిని వదిలివేసింది. చంపబడినవాడు చంపేవాడయ్యాడు. నా ప్రధాన అభ్యంతరము ఇదే.

3. స్మరణ తప్పా?

కాదు. హెబ్రీ 13:7 మన నాయకులను జ్ఞాపకము చేసుకొనమంటుంది. మన ప్రభుత్వము 2009లో సిస్టర్ అల్ఫోన్సా, 2010లో మదర్ తెరిస్సా శతజయంతి నాణెములను విడుదల చేసింది. వాటిలో సేకరణకర్తల కొరకు 100 రూపాయల నాణెములతోపాటు, సామాన్యుని చేతిలో మారే 5 రూపాయల నాణెములు కూడా ఉన్నాయి. పేదలకు పరిచర్య చేసిన తెరిస్సా రూపము బస్సు టిక్కెట్టుకిచ్చే చిల్లరలో ఉండుట ఆమె జీవితమునకు తగినదే. బంగారు నాణెము మాత్రము పెట్టెలోనే ఉండిపోతుంది. అది కొనగలిగినవారి జ్ఞాపకము మాత్రమే.

ఇక్కడ మరొక సంగతి గమనార్హము. కతోలికులు "పునీతులు" అని ప్రత్యేకముగా పిలిచేవారు కొందరే. పౌలు ఫిలిప్పీ 1:1లో సంఘమంతటినీ పరిశుద్ధులంటాడు. అందరికీ చెందిన ఆ పిలుపును అరుదైన వస్తువుగా మార్చి విలువ పెంచడమే సేకరణ వ్యాపారము చేసే పని.

4. బంగారమును కరిగించినవారు

సంఘచరిత్రలో మరొక మార్గము కూడా ఉన్నది. 258లో హతసాక్షియైన రోమా పరిచారకుడు లారెన్స్‌ను సంఘపు ధనము అప్పగించమన్నప్పుడు ఆయన పేదలను చూపాడని సంప్రదాయము. మిలాను బిషప్పు అంబ్రోసు, 378లో ఏడ్రియనోపుల్ యుద్ధము తరువాత చెరపట్టబడినవారిని విడిపించుటకు ఆరాధన పాత్రలనే కరిగించాడు. దానిని విమర్శించినవారికి, పాత్రలకంటె మనుష్యులను కాపాడుటే మేలని జవాబిచ్చాడు. బంగారము మీద పరిశుద్ధుని ముద్రించుట సులభము. పరిశుద్ధులైతే బంగారమును మనుష్యుల కొరకు ఖర్చు చేశారు.

కాబట్టి విశ్వాసి ఒకరు ఇటువంటి నాణెమును తెచ్చి "అయ్యగారూ, ఇది ఇంట్లో ఉంటే ఆశీర్వాదమేనా?" అని అడిగితే, కాపరి కోపపడనక్కరలేదు. అది లోహము, దానికి ధర ఉన్నది, దానిలో శక్తి లేదు అని చెప్పాలి. ఆ పరిశుద్ధుని నిజమైన జీవితమును వివరించాలి. ఆ పిమ్మట అపొ. కార్య. 3:6 తెరచి, వెండి బంగారములు లేని పేతురు ఆ కుంటివానికి ఏమి ఇవ్వగలిగాడో కలిసి చదవాలి.