రెండు తూనికలు

లార్డ్ క్రోమర్ 1883 నుండి 1907 వరకు ఈజిప్టులో బ్రిటిష్ కాన్సల్ జనరల్‌గా ఉన్నాడు. హోదాకు రాయబారే అయినా ఆచరణలో పాలకుడు. 1908లో వెలువడిన ‘మోడరన్ ఈజిప్ట్’ గ్రంథంలో ఆయన, ముస్లిం సమాజం వెనుకబడడానికి స్త్రీల స్థితిగతులు, పరదా ముఖ్య కారణాలని వాదించాడు.

ఈ వాదాన్ని గ్రంథకర్త చేతలతో సరిచూడడం అవసరం. ఆయన ఏలుబడిలో ప్రభుత్వ పాఠశాలల ఫీజులు పెరిగాయి. మగపిల్లలతోపాటు ఆడపిల్లల చదువూ కుంటుపడింది. స్వదేశం చేరాక, 1910లో, స్త్రీలకు ఓటు హక్కు ఇవ్వరాదని ఉద్యమించిన జాతీయ సంఘానికి ఆయనే అధ్యక్షుడయ్యాడు. ఈ వైరుధ్యాన్ని లైలా అహ్మద్ 1992లో ప్రచురించిన తన పరిశోధన గ్రంథంలో ఎత్తిచూపారు. కైరోలో స్త్రీ పట్ల సానుభూతి, లండన్‌లో అదే స్త్రీకి హక్కు నిరాకరణ! పరాయి జాతిపై పెత్తనానికి స్త్రీ పేరు ఒక సాకుగా ఉపయోగపడింది.

అయితే విమర్శ ఇంతటితో ఆగితే అదీ ఏకపక్షమే అవుతుంది. క్రోమర్ కపటం వల్ల ముస్లిం పురుషుడు నిర్దోషి అయిపోడు. నిసా సూరా 7వ ఆయత్ వారసత్వంలో స్త్రీకి వాటా ఉందని ప్రకటించింది. ఆ ఆయత్‌ను సభల్లో సగర్వంగా వినిపించే వ్యక్తే, తండ్రి ఆస్తి పంపకం నాడు “పెళ్ళికి పెట్టింది చాలదా?” అంటూ చెల్లెలిచేత హక్కు వదులుకొన్నట్లు సంతకం చేయించుకొంటే, దాన్ని ఏమనాలి?

తీసుకొనేటప్పుడు నిండుగా, ఇచ్చేటప్పుడు తక్కువగా తూచేవారిని ముతఫ్ఫిఫీన్ సూరా తీవ్రంగా హెచ్చరించింది. ఆ హెచ్చరిక అంగడిలోని తక్కెడకెంత వర్తిస్తుందో, ఇంట్లోని పంపకానికీ అంతే వర్తిస్తుంది.