వంట మాస్టారి చీటీ

ముహూర్తం పెట్టేది పంతులుగారే అయినా, పెళ్లిని వేళకి నడిపించేది వంట మాస్టారు. అందుకే గోదావరి జిల్లాల్లో లగ్నపత్రిక రాసుకోగానే పెద్దలు ముందు ఆయనకే బయానా ఇస్తారు. "ఎన్ని విస్తళ్లండీ?" అని అడిగి, ఆ లెక్కను బట్టి కందిపప్పు, చింతపండు మొదలు అగ్గిపెట్టె దాకా చీటీ రాసిస్తారు.

ఆయన లెక్క వడ్డన వేళ నుంచి వెనక్కి నడుస్తుంది. సారె అరిసెలు నిలవుంటాయి కనక ముందే వండేస్తారు. లడ్డూలకి బూందీ ముందురోజే దూస్తారు. పెరుగు రాత్రే తోడెయ్యాలి. మినప్పప్పు నానడానికి నాలుగు గంటలైనా కావాలి. రుబ్బిన పిండి ఎక్కువసేపు ఆగితే పులిసిపోతుంది. పులిహోర కలిపాక కాసేపు ఊరాలి. గారెలు మాత్రం బంతి కూర్చునే వేళకే బాణలిలో పడాలి. ఇన్ని వేళలూ ఆ మనిషి కాగితం చూడకుండానే నడిపిస్తారు.

పెళ్లివారికి ఒక్క మాట: మాస్టారితో ముందుగా మాట్లాడుకోండి, వచ్చేవాళ్ల లెక్క తగ్గించి చెప్పకండి. పెళ్లయ్యాక డబ్బుతోపాటు తాంబూలం కూడా ఇచ్చి పంపండి.