తాండూరు బండ, కంది కట్టె, కాగితం

ఉన్నత పాఠశాలలలో పరిశ్రమల స్థాపనను గురించి చెప్పే పాఠం సాధారణంగా ఒక పట్టికతో ముగుస్తుంది: ముడి పదార్థం, నీరు, రైలు మార్గం, కూలీలు. ఈ నాలుగూ ఉన్నచోట కాగితపు మిల్లు నిలుస్తుందని వ్రాసిన విద్యార్థికి పూర్తి మార్కులు వస్తాయి. సిర్పూరు కాగితపు మిల్లుకు ఈ నాలుగూ ఉన్నవి. ఆదిలాబాదు అడవుల వెదురు, పెద్దవాగు నీరు, కాజీపేట–బలార్షా రైలు మార్గం చూచుకొని నిజాం కాలంలో, 1938లో, దానిని స్థాపించారు. 1942లో ఉత్పత్తి మొదలైనది. కొత్తపేట అనే ఊరు కాగజ్‌నగర్ అయినది. అయినా 2014 సెప్టెంబరులో మిల్లు ఆగిపోయినది. 2018లో, దివాలా చట్టం ప్రకారం అది జె.కె. పేపర్ కంపెనీ చేతికి వచ్చేవరకు, దాదాపు నాలుగేండ్లు కార్మిక కుటుంబాలు జీతాలు లేక గడిపినవి. వాగు అక్కడనే ఉన్నది, రైలు అక్కడనే ఉన్నది. మరి పాఠంలో లోపమెక్కడ?

మొదటి లోపం, ముడి పదార్థం ‘ఉన్నదా’ అని మాత్రమే అడగటం. అది ఏ ధరకు, ఎంతకాలం దొరుకుతుందని పాఠం అడగదు. మన దేశపు పెద్ద మిల్లులు చాలాకాలం ప్రభుత్వ అడవుల వెదురు మీద, నామమాత్రపు రుసుము చెల్లించి బ్రతికినవి. కర్ణాటకలోని దాండేలి మిల్లుకు 1950లలో టన్ను వెదురు 1.50 రూపాయలకే ఒప్పందమైనది. బుట్టలల్లే మేదరవాడు అదే వెదురును బజారులో ఎన్నో రెట్లు పెట్టి కొనవలసి వచ్చేది. 1970లలో మాధవ్ గాడ్గిల్ ఆ అడవులను పరిశీలించినప్పుడు ఇంకొక సంగతి బయటపడినది. వెదురు పొద సరిగా పెరగాలని అటవీశాఖ వారు మొదట్లోని ముళ్ళ కంపను తొలగించేవారు. కాపుదల పోయిన లేత పిలకలను పశువులు మేసివేసేవి. ఆ ముళ్ళు ఎందుకున్నవో ఊరివారికి తెలుసు. చౌకగా వచ్చే వస్తువును కాపాడవలసిన అవసరం మిల్లుల లెక్కలలోనికి రాలేదు.

1988 జాతీయ అటవీ విధానం ఈ దారిని మూసినది. మిల్లులు తమకు కావలసిన కలపను రైతుల పొలాలలో పెంచించుకోవాలన్నది. సారపాకలో 1979లో ఉత్పత్తి ప్రారంభించి, 2002లో ఐ.టి.సి.లో కలిసిన భద్రాచలం మిల్లు ఇందుకు ముందుగా సిద్ధపడినది. మేలైన జామాయిల్ చెట్ల కొమ్మలనుండి క్లోను మొక్కలు పెంచి రైతులకు అమ్మినది. ఇది తెలివైన ఏర్పాటే. కాని నష్టభయంలో కొంత మిల్లునుండి రైతు నెత్తికి మారినదని కూడ చెప్పాలి. సుబాబుల్ ధర పడిపోయిన ఏండ్లలో ప్రకాశం జిల్లా రైతులు రోడ్డెక్కవలసి వచ్చినది.

ఇప్పుడు ఆ పట్టికను వికారాబాదు జిల్లాకు పెట్టి చూడవచ్చు. తాండూరు వాడి–సికింద్రాబాదు రైలు మార్గం మీద ఉన్నది. చుట్టూ నల్లరేగడిలో కంది. 2022లో దానికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. కంది కట్టెలో కాగితానికి పనికివచ్చే సెల్యులోజు పోగులున్నవి. వరిగడ్డిలో మాదిరిగా ఇసుక జాతికి చెందిన సిలికా దానిలో ఎక్కువ లేదు గనుక రసాయనాలను తిరిగి రాబట్టటం కొంత సులభం. ఇక నేలలో సున్నపురాయి.

సున్నపురాయికీ కాగితానికీ సంబంధమేమిటని విద్యార్థి అడగవచ్చు. వ్రాత కాగితంలో అంతా పోగులే ఉండవు. సందులు నింపి తెల్లదనమిచ్చే ఖనిజపు పొడి కూడ ఉంటుంది. పూర్వం సిరా ప్రాకకుండా పటిక, రాళ (చెట్టు బంక) కలిపేవారు. పటిక వలన గుజ్జు ఆమ్లమవుతుంది. తాండూరు బండ మీద సజల హైడ్రోక్లోరికామ్లం చుక్క వేస్తే పొంగుతుంది కదా. ఆమ్లపు గుజ్జులో కాల్షియం కార్బనేటుకూ అదే గతి. అందుచేత చైనామట్టి, టాల్కు వాడేవారు. ఆమ్లం అక్కరలేని కొత్త పూతలు వచ్చిన తరువాతనే కార్బనేటుకు కాగితంలో చోటు దొరికినది. పాత పుస్తకాలు పసుపుబారి పెళుసెక్కటానికి ఆ పటిక ఆమ్లమే ముఖ్య కారణం.

అయినంతమాత్రాన తాండూరు లెక్క కుదరదు. పూరక పొడి పాలవలె తెల్లగా ఉండాలి. ఇక్కడి నీలి బండలో మట్టి, సిలికా కలిసి ఉన్నవి. అది సిమెంటుకు, గచ్చుకు చక్కగా పనికివస్తుంది.

కట్టె సంగతి ఇంకా చిక్కు. దినానికి 100 టన్నుల గుజ్జు తీసే మిల్లు ఏడాదికి 330 దినాలు నడిస్తే 33,000 టన్నులు. ఎండు కట్టెలో సగానికి తక్కువే గుజ్జుగా మిగులుతుంది గనుక సుమారు 75,000 టన్నుల కట్టె కావాలి. ఎకరాకు ఒక టన్ను దొరుకుతుందనుకొన్నా 75,000 ఎకరాల కట్టెను కోతలు ముగిసిన కొద్ది వారాలలో సేకరించి, వానకు తడవకుండ, నిప్పంటకుండ ఏడాది పొడుగునా దాచాలి. ఆ కట్టె ఊరికే పడి ఉన్నదనుకోవటం కూడ పొరపాటు. అది పల్లెలో పొయ్యిలోనికి, తడికలకు పోతుంది. కట్టె అమ్ముకొన్న ఇల్లాలు వంటచెరకును ఎక్కడనుండి తెస్తుందో మిల్లు లెక్కలో ఉండదు.

అయితే చిన్న మిల్లు పెట్టరాదా? గుజ్జు ఉడికించిన తరువాత మిగిలే నల్లని ద్రవాన్ని చిక్కబరచి, మండించి, సున్నంతో కలిపి సోడాను తిరిగి రాబట్టే యంత్రాలు చిన్న మిల్లుకు గిట్టవు. సోడా ఖర్చు నెత్తిన పడుతుంది, నల్లనీరు వాగులో పడుతుంది. దేశంలో గడ్డి, చెరకు పిప్పి వాడిన ఎన్నో చిన్న మిల్లులు ఇక్కడనే దెబ్బతిన్నవి. తాండూరుకున్నది కాగ్నా, అది వేసవిలో సన్నగిల్లే ఏరు. మూసీ అనంతగిరి కొండలలో పుట్టుతుంది గాని పుట్టినచోట ఏ నదిలోనూ మిల్లుకు సరిపడే నీరుండదు. ఒకప్పుడు టన్ను కాగితానికి 200 ఘనపు మీటర్ల నీరు వాడిన మిల్లులుండేవి. నేడు మంచి మిల్లులు 50 కంటె తక్కువతో సరిపెట్టుతున్నవి. ఆ తక్కువ కూడ ఇక్కడ ఎక్కువే.

పటం తిప్పి చూస్తే వేరొక ముడి పదార్థం కనబడుతుంది. వికారాబాదుకు సుమారు 70 కిలోమీటర్ల దూరంలో హైదరాబాదు ఉన్నది; అక్కడ దినదినమూ పోగుపడే పాత అట్టపెట్టెలు, చిత్తు కాగితాలు ఏ అడవికీ తీసిపోవు. వాటిని నానబెట్టి గుజ్జు చేయటానికి సోడాలో ఉడికించనక్కరలేదు, నల్లద్రవం రాదు, నీరు తక్కువ పట్టుతుంది. గోధుమరంగు అట్ట కాగితానికి తెల్లదనమూ అక్కరలేదు. కాని పోగు తిరిగి వాడినకొద్దీ పొట్టిదై బలం తగ్గుతుంది. కొంత కొత్త గుజ్జు కలుపుతూ ఉండాలి. ఆ కొద్దిపాటి గుజ్జును సారపాకనుండో కాగజ్‌నగర్‌నుండో కొనటం మేలా, కంది కట్టెనుండి తీయటం మేలా అన్నది కాగితం మీద గాక ముందు ఒక బుట్టెడు కట్టెతో ప్రయోగశాలలో తేల్చవలసిన ప్రశ్న.