తిథి ఒక్కటే చూసుకుంటే చాలదు

రెండేళ్లకొకసారి, మాఘమాసంలో ఒక ఆదివారం, మిర్యాలగూడ రోడ్ల మీద విజయవాడ బోర్డున్న బస్సులు వరసకట్టి కనిపిస్తాయి. మామూలు రోజుల్లో వాటికి మా వైపు పనే లేదు, సూర్యాపేట మీదుగా పోతాయి. అవి ఇటు తిరిగాయంటే దురాజ్‌పల్లి గుట్ట మీద లింగమంతుల స్వామి జాతర మొదలైనట్టే. పెద్దగట్టు అని పిలిచే ఆ గుట్ట జాతీయ రహదారిని ఆనుకునే ఉంటుంది. అందుకని జాతర రోజుల్లో పోలీసులు హైదరాబాద్ నుంచి వచ్చే బండ్లను నార్కట్‌పల్లి దగ్గర మళ్లించి నల్లగొండ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మీదుగా పంపిస్తారు. అటునుంచి వచ్చేవాటిని కోదాడలోనే పక్కకు తిప్పుతారు. 2025 ఫిబ్రవరిలోనూ అంతే. జాతర సూర్యాపేటకు, ఇరుకు మిర్యాలగూడకు. మాఘం పెళ్లిళ్ల నెల కూడా కాబట్టి, ఆ రోజు దామరచర్ల నుంచి కోదాడకు ముహూర్తం వేళకు చేరాలనుకున్న పెళ్లివాళ్లు తెల్లవారకముందే బయల్దేరాలి. ఈ సంగతి ఏ పంచాంగంలోనూ ఉండదు.

మా ప్రాంతంలో జాతరకు పోవడం ఒక విద్య. దానికి తిథి తెలిస్తే చాలదు. నాగార్జునసాగర్‌లో నీళ్లెన్ని ఉన్నాయో తెలియాలి, పొలాల్లో వడ్లు ఏ దశలో ఉన్నాయో తెలియాలి, పోలీసులు ఏ రోడ్డు మూశారో తెలియాలి. ఈ మూడూ కాలెండర్లో అచ్చువేయరు. అడిగి తెలుసుకోవాలి. అది కూడా గుడి ముందర కొబ్బరికాయలమ్మే మనిషినో, ఆటో నడిపే మనిషినో అడగాలి. ఫోన్లో మ్యాపు చూసి బయల్దేరినవాళ్లకు దూరమెంతో తెలుస్తుంది, రోజు ఎలాంటిదో తెలియదు.

కార్తీకం దగ్గర పడుతుందనగా హైదరాబాద్ నుంచి చుట్టాల ఫోన్లు మొదలవుతాయి. "బావా, వాడపల్లికి పున్నమి నాడు రావాల్నా, ఆదివారం రావాల్నా?" అని ఒక బావమరిది ఏటా అడుగుతాడు. ఏటా నేను ఎదురు అడిగేది ఒకటే: "ఎందుకొస్తున్నవో ముందు చెప్పు."

ఈ మాట వెటకారానికి కాదు. వాడపల్లిలో చూడవలసినవి రెండు రకాలు. ఒకటి జనం ఉంటేనే బాగుంటుంది, ఇంకొకటి జనం ఉంటే కనిపించదు. దామరచర్ల మండలంలో కృష్ణలో మూసీ కలిసే చోటు అది. పున్నమి నాడు తెల్లారుజామున సంగమంలో తానం చేసి, అరటి దొప్పల్లో దీపాలు వదిలే ఆడవాళ్ల సందడి చూడాలంటే ఆ రోజే రావాలి. మరో రోజు వస్తే మెట్లూ, నీళ్లూ తప్ప ఏమీ ఉండవు. కానీ వాడపల్లి పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది లక్ష్మీనరసింహ స్వామి గర్భగుడిలోని దీపాలు. స్వామి ముఖం ఎత్తున ఉన్న దీపం ఊపిరి తగిలినట్టు కదులుతుంటుంది, కింద ఉన్నది నిలకడగా వెలుగుతుంది. ఆ తేడా కళ్లకు పట్టాలంటే కాసేపు నిలబడాలి. పున్నమి నాడు ఆ కాసేపు ఎవరిస్తారు? వెనక నుంచి తోస్తుంటారు, ముందు నుంచి "నడవండి, నడవండి" అంటుంటారు. రెండు దీపాలూ కలిపి ఒక్క వెలుగుగా చూసి బయటపడతారు. మీనాక్షీ అగస్త్యేశ్వర స్వామి గుళ్లోనూ అదే కథ. శివలింగం మీద గుంటలో నీళ్లు ఎప్పుడూ ఉంటాయనీ, పక్షిని కాపాడడానికి శివుడు బోయవాడికి తన తలనుంచే మాంసం తీసుకొమ్మన్నాడనీ, బోయవాడి వేళ్ల గుర్తులే అక్కడి గుంటలనీ స్థలపురాణం. పూజారి ఈ కథ తీరిగ్గా చెబితే వినాలి. శివరాత్రి నాడు ఆయనకు గొంతు తడుపుకునే తీరికే ఉండదు.

అందుకే బావమరిదికి నేను చెప్పేది: తానానికి పున్నమికి రా, దీపానికి మామూలు మంగళవారమో బుధవారమో రా. రెండూ ఒక్కసారే కావాలనుకునేవాళ్లకు రెండూ దక్కవు. వాళ్లే తిరిగి పోయేటప్పుడు "ఏముంది అక్కడ, ఒకటే తొక్కిసలాట" అంటారు.

తానం సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. హైదరాబాద్ తాగే నీళ్లలో పెద్ద వాటా నాగార్జునసాగర్ నుంచి పోయే కృష్ణా నీళ్లే. ఆ నీళ్లు నగరం వాడుకున్నాక మురుగై మూసీలో పడి, సూర్యాపేట జిల్లా అంచులు దాటి, చివరికి వాడపల్లి దగ్గర మళ్లీ కృష్ణకే చేరతాయి. నగరం నుంచి తానానికి వచ్చిన మనిషి ఒక విధంగా తాను వదిలిన నీళ్లనే కలుసుకోవడానికి వస్తున్నాడు. పుణ్యం లెక్క నాకు తెలియదు గానీ, మా ఊరివాళ్లు మాత్రం మూసీ ఇంకా కలవని ఎగువ పక్కకు, కృష్ణ వైపుకు నడిచి మునుగుతారు. సంగమం అన్నారు కదా అని సరిగ్గా కలిసే చోటే మునగాలన్న పట్టుదల కొత్తగా వచ్చినవాళ్లది. సంగమం నీళ్లు నెత్తిన చల్లుకోండి, మునిగేది ఎగువన మునగండి. నీళ్లు తక్కువున్న ఏడాది ఈ జాగ్రత్త మరీ అవసరం.

ఇక వడ్ల పంచాంగం. సాగర్ ఎడమ కాలువ కింద వానాకాలం వరి కోతకొచ్చేది సరిగ్గా కార్తీకంలోనే. మిర్యాలగూడ చుట్టూ ఉన్న రైస్ మిల్లులకు సన్నవడ్ల ట్రాక్టర్లు పచ్చి గింజతోనే కదులుతాయి. మిల్లుల ముందు రోడ్డు పొడవునా బారులు తీరతాయి. రద్దీ ఆపలేక అధికారులు రైతులకు టోకెన్లు ఇచ్చిన ఏళ్లూ ఉన్నాయి. దేవుడి దగ్గరికి పోయే కారూ, ధర కోసం పోయే ట్రాక్టరూ ఒకే రోడ్డు ఎక్కుతాయి. ఆ ట్రాక్టర్ మీద కూర్చున్న రైతుకు రాత్రి నిద్ర ఉండదు, గింజలో తేమ ఎక్కువైతే ధర తెగ్గోస్తారన్న భయం ఉంటుంది. వెనక నుంచి హారన్ మోగిస్తూ పండుగ పాడైందని విసుక్కునే ముందు ఆ సంగతి గుర్తుండాలి. ఆ రోజుల్లో మిర్యాలగూడ లాడ్జీలలో గదులు దొరకడం కష్టం. వడ్ల వ్యాపారానికి వచ్చేవాళ్లు, లారీల తాలూకు మనుషులు ముందే దిగి ఉంటారు. వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం పని మొదలైనప్పటి నుంచి దామరచర్లలో ఖాళీ గది అన్న మాటే అరుదైంది. రాత్రి ఉండాలనుకుంటే నల్లగొండలో ఉండి తెల్లారుజామునే రండి. లేదా రైల్లో రండి. బీబీనగర్-నడికుడి లైను మీద వచ్చే పల్నాడు ఎక్స్‌ప్రెస్ మిర్యాలగూడలో ఆగుతుంది, అక్కడి నుంచి బస్సులూ ఆటోలూ ఉంటాయి. ఎంత జాతరైనా రైలు పట్టాల మీద ట్రాక్టర్ అడ్డం రాదు.

సంక్రాంతికి ఈ రోడ్డు మరో రూపం ఎత్తుతుంది. నార్కట్‌పల్లి-అద్దంకి రోడ్డు మా మీదుగానే పోతుంది. వాడపల్లి వంతెన దాటితే పల్నాడు. గుంటూరు, ఒంగోలు, నెల్లూరు పోయే హైదరాబాద్ జనం విజయవాడ రోడ్డు రద్దీ తప్పించుకోవడానికి ఇటే వస్తారు. భోగికి ముందు రెండు రోజులు, కనుమ తర్వాత రెండు రోజులు వాడపల్లి దర్శనం పెట్టుకోకండి. నడిమధ్య పండుగ నాడు మాత్రం రోడ్డు ఖాళీ, గుడి ఖాళీ. అందరూ ఎవరి ఊళ్లలో వాళ్లుంటారు.

పెద్దగట్టుకు పోయేవాళ్లు ఆదివారం ఒక్కటే జాతర అనుకుంటారు. అది అయిదు రోజుల పని, ఏ రోజు పని ఆ రోజుకుంది. ఆదివారం రాత్రి కేసారం నుంచి దేవరపెట్టె గట్టు చేరుతుంది. గజ్జెల లాగులు తొడిగిన యాదవులు భేరీల మోతకు "ఓ లింగా" అని అరుస్తూ గంపలెత్తుకుని గుట్ట ఎక్కుతారు. ఆ రాత్రి ఒళ్లు పులకరించని మనిషి ఉండడు. సోమవారం బోనాలు, మొక్కులు. స్వామి చెల్లె చౌడమ్మకు యాటపోతులు, లింగమంతుల స్వామికి మాత్రం మాంసం లేదు. అన్న ముందు ఒక పద్ధతి, చెల్లె ముందు మరో పద్ధతి, గుట్ట మాత్రం ఒక్కటే. మంగళవారం చంద్రపట్నం వేస్తారు. నన్నడిగితే చూడవలసింది అదీ. ముగ్గు పోసేవాళ్ల చేతులు, పక్కన కథ చెప్పేవాళ్ల గొంతు, చుట్టూ కూర్చున్న ముసలివాళ్ల మొహాలు తీరిగ్గా చూడొచ్చు. ఆదివారం రాత్రి వచ్చి ఫొటోలు తీసుకుని పోయినవాళ్లకు జాతర శబ్దం తెలుస్తుంది. మంగళవారం కూర్చున్నవాళ్లకు అది ఎవరి జాతరో తెలుస్తుంది. బుధ, గురువారాలకు జనం పలచబడతారు. దుకాణాలవాళ్లు మిగిలిన సరుకు ధర తగ్గించేదీ అప్పుడే. మనవలకు బొమ్మలు కొనాలనుకునే తాతలు ఆ రోజు పోతే సరి.

పాలకీడు మండలంలోని జాన్‌పహాడ్ దర్గా ఉర్సు జనవరిలో. మా పక్క ఊళ్లలో సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి అన్న పేర్లు ఇంటింటా వినిపిస్తాయి. పిల్లలు పుట్టాలని ఆ దర్గాలోని సైదులు బాబాకు మొక్కుకుని, పుట్టాక ఆ పేరు పెట్టుకున్న హిందువుల ఇళ్లవి. ఉర్సులో గంధం ఊరేగింపు చూడడానికి అందరూ ఎగబడతారు, సరే. అసలు జరిగేది దర్గా చుట్టుపక్కల చెట్ల కింద, కందూరు చేసుకునే కుటుంబాల మధ్య. యాటను కోసి, అక్కడే పొయ్యి పెట్టి, చుట్టాలందరినీ కూర్చోబెట్టి తినిపిస్తారు. ఎవరైనా "తిని పోన్రి" అంటే మొహమాటపడకండి. వద్దనడమే అక్కడ తప్పు.

మేళ్లచెర్వు శివరాత్రి గురించి పొడుగ్గా చెప్పను, పోయినవాళ్లకు తెలుసు. స్వయంభూ శంభులింగేశ్వరుడి దర్శనం ఒకటి, రాత్రి ప్రభలు ఒకటి, ఎడ్ల పందేలు ఒకటి. పందెం చూడబోయేవాళ్లకు ఒక్క కిటుకు చెబుతాను. పళ్లను బట్టి జతలను విభాగాలుగా విడదీస్తారు: రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి, ఆపైన పెద్దవి. పెద్ద జతల రోజున జనం విరగబడతారు. నిజంగా ఎడ్లు తెలిసినవాళ్లు మాత్రం పళ్లు తక్కువున్న కోడెల రోజున వస్తారు. ఏ కోడె రేపు ఏ ధర పలుకుతుందో బేరగాళ్లు కళ్లతోనే కొలిచేది అక్కడే. బండను ఇచ్చిన సమయంలో ఎన్ని అడుగులు లాగాయన్నది మైకులో చెబుతారు. బేరం మాత్రం మైకులో వినిపించదు, తువ్వాలు కింద చేతివేళ్ల మీద జరుగుతుంది.

విహారం కోసం వచ్చేవాళ్లు చివరికి చేరేది నాగార్జునసాగర్‌కే. అక్కడ తిథి పనిచేయదు, నీళ్లే పండుగ. 26 క్రస్ట్ గేట్లలో ఒక్కటి లేచినా ఆ సాయంత్రానికల్లా హైదరాబాద్ సగం అక్కడుంటుంది. గేట్లు లేచిన వార్త చూసి బయల్దేరితే ఆలస్యమైపోయినట్టే. సాగర్ నిండు మట్టం 590 అడుగులు. అది దగ్గర పడుతుండగా, శ్రీశైలం నుంచి ఎంత నీరు దిగుతోందో రోజూ పేపర్లో ఒక మూల వేస్తారు. అది చూస్తుంటే గేట్లు ఎప్పుడు లేస్తాయో మీకే అందుతుంది. లేచాక కూడా శని, ఆదివారాలు మానేసి వారం మధ్యలో పోండి, వరద ఉంటే గేట్లు ఒక్క రోజుకే మూసేయరు. డ్యాం ముందు తడవడం అయ్యాక జనమంతా వెనక్కి తిరుగుతారు. మీరు బుద్ధవనం వైపు నడవండి. 2022 మేలో మొదలైన ఆ వనంలో మహాస్తూపం చుట్టూ శిల్పాలున్నాయి. 2025 బుద్ధపౌర్ణమికి ప్రపంచ సుందరి పోటీకొచ్చిన అమ్మాయిలను తీసుకొచ్చారు, టీవీలన్నీ చూపించాయి. మామూలు రోజున అక్కడ స్కూలు పిల్లలు, ఒకరిద్దరు భిక్షువులు తప్ప గొడవ ఉండదు.

ఇదంతా చెబుతుంటే బావమరిది "2028 పుష్కరాలకు ఏం చెప్తవ్ మరి?" అంటాడు. క్రితంసారి, 2016లో, కృష్ణా పుష్కరాలు ఆగస్టు 12న మొదలయ్యాయి. ఆ రోజు శుక్రవారం, వరలక్ష్మీ వ్రతం. మర్నాడు రెండో శనివారం, ఆపై ఆదివారం, ఆ తర్వాత పంద్రాగస్టు. వరసగా సెలవులు కలిసొస్తే ఏ రోడ్డూ తట్టుకోదు. పుష్కరం పన్నెండు రోజులు. పుణ్యం మొదటి రోజు ఎక్కువ, అయిదో రోజు తక్కువ అని ఏ శాస్త్రమూ చెప్పినట్టు నేను వినలేదు. కాబట్టి 2028 కాలెండర్ రాగానే ముందు సెలవులు కొట్టేయండి, మిగిలిన రోజుల్లోంచి ఒకటి ఎంచుకోండి. సాగర్ అప్పటికి నిండకపోతే వాడపల్లి ఘాట్లకు నీళ్లు పైనుంచి వదిలించుకోవలసిందే, వదిలిన నీళ్లు ఘాటు చేరడానికి సమయం పడుతుంది. వచ్చే ముందు రోజు ఎవరికైనా ఫోన్ చేసి మెట్ల మీద నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో అడగండి. ముసలమ్మలతో వచ్చేవాళ్లు మరీ అడగాలి. పైమెట్టు దగ్గరే నీళ్లుంటే ఆమె మునగగలదు, నాలుగు మెట్లు కిందికి దిగవలసి వస్తే బిందెతో పోయించుకోవడమే మేలు. ప్లాస్టిక్ బిందె ఇంటి నుంచే తెచ్చుకోండి. ఘాటు దగ్గర ఆ పన్నెండు రోజులూ దాని ధర వేరు.