నెలకొక నవల

ఈ ఏడాది నెలకొక నవల చదవాలని నియమం పెట్టుకున్నాను. పన్నెండు నెలలకు పన్నెండు. పెద్ద లెక్కేం కాదు. కానీ పుల్లలచెరువులాంటి ఊళ్లో నడివయసు ఆడమనిషి ఈ మాట పైకి అంటే, ఎదురయ్యే ప్రశ్న ‘ఏ నవల?’ అని కాదు, ‘ఎందుకు?’ అని. ‘ఏందక్కా, ఇంకా పరీక్షలు రాస్తన్నావా?’ అంది పక్కింటి చెల్లెలు. ఎగతాళి కాదు. ఆడవాళ్ల చేతిలో లావుపాటి పుస్తకానికి ఆమెకు తెలిసిన కారణం ఒక్కటే, పరీక్ష. డీఎస్సీకి చదివే కోడలికి ఇంట్లో టీ కాచి ఇస్తారు. నవల చదివే కోడలి గురించి పాలు పొంగబెట్టిందని నెలరోజులు చెప్పుకుంటారు.

స్త్రీల పఠనం గురించి మన విమర్శ ఎక్కువగా ‘ఏం చదువుతున్నారు’ దగ్గరే ఆగిపోయింది. 1960లు, 70లలో రచయిత్రుల నవలలు వెల్లువలా వచ్చినప్పుడు, వాటిని చదివేవాళ్లను పగటికలలు కనేవాళ్లని తేల్చేశారు. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’లో జయంతి, రాజశేఖరంల ప్రేమ నమూనాతో నాకూ పేచీ ఉంది. అయితే ఆ నవలలను వాళ్లు ఎప్పుడు చదివారు, ఏ పని పక్కన పెట్టి చదివారు అని అడిగినవాళ్లు తక్కువ. అమెరికాలో జానిస్ రాడ్వే ప్రేమనవలలు చదివే గృహిణులతో మాట్లాడి 1984లో ఒక పుస్తకం వెలువరించింది. పుస్తకం తెరవడమంటే ఆ కాసేపు భర్తకూ పిల్లలకూ అందుబాటులో లేకుండా పోవడమని ఆ స్త్రీల మాటల్లోంచే గ్రహించింది. అలాగని ఆ నవలలను నెత్తికెత్తుకోలేదు. నాకు నచ్చింది అదే.

నెలకొక నవల అన్న కొలత నేను కనిపెట్టింది కాదు. ‘చతుర’ మాసపత్రిక 1978 నుంచి చేసిన పని అదే, సంచికకొక పూర్తి నవల. వారపత్రిక సీరియల్ ఉత్కంఠ దగ్గర ఆపి వారంపాటు కూర్చోబెడితే, చతుర మొదలూ చివరా ఒకేసారి చేతిలో పెట్టింది. మా ఇంటికి మార్కాపురం నుంచి మందులతో పాటు ఒకే సంచిలో వచ్చేది. నాలుగిళ్లు తిరిగి అట్ట లేకుండా తిరిగొచ్చేది. కానీ ఆ క్రమం పాఠకురాలిది కాదు, పత్రికది. 2021లో చతుర ఆగిపోయింది. రంగనాయకమ్మ ‘జానకి విముక్తి’ 1970ల చివర ఆంధ్రప్రభ వీక్లీలో వస్తూ వస్తూ మధ్యలో ఆగిపోయింది, మొత్తం కథ కావాలంటే పుస్తకమే దిక్కయింది. ఇంకెవరో నడిపే పఠనం ఇంకెవరో ఆపగానే ఆగుతుంది. నా నియమం నేనే పెట్టుకోవాలనుకోవడానికి ఇదొక కారణం.

ముందు ‘జానకి విముక్తి’ తీశాను. మా వైపు ఆడవాళ్ల రోజు గడియారం మీద నడవదు, నీళ్ల మీద నడుస్తుంది. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు, అప్పుడు పుట్టిన పిల్లలు బిందె ఎత్తే వయసు దాటి చాలా కాలమైంది. వేసవిలో ట్యాంకరు ఎప్పుడొస్తుందో దాని డ్రైవరుకే తెలియదు. పేజీ మధ్యలో లేవాలి. విచిత్రమేమంటే ఆ నవల దీన్ని తట్టుకుంది. అది వాదనల మీద నిలబడ్డ నవల. సత్యం మాట ఒకటి పట్టుకుని బిందెల వరసలో నిలబడి అతనితో పోట్లాడవచ్చు, తిరిగొచ్చి అక్కడే అందుకోవచ్చు. నేను పోట్లాడింది ఒక్క విషయం మీద. జానకి చేతికి పుస్తకాలు అందించేదీ, వాటి అర్థం విప్పిచెప్పేదీ అన్నే. విముక్తికి పాఠ్యక్రమం కూడా అన్నే తయారుచేయాలా? ఆ రోజుల్లో జానకికి ఇంకో దారి ఉందా అని రచయిత్రి తరఫున జవాబు చెప్పుకోవచ్చు. అయినా నాకు తృప్తి లేదు.

రెండో నెల ఓల్గా ‘స్వేచ్ఛ’. 1987 నాటి నవల, నిడివిలో చాలా చిన్నది, త్వరగా అయిపోతుందనిపిస్తుంది. కాదు. ప్రకాశం దుర్మార్గుడు కాడు. అరుణ ప్రేమించి పెళ్లిచేసుకున్నవాడే. ఇక్కడ దెబ్బలు లేవు, బొట్లుబొట్లుగా పేరుకునే ఊపిరాడనితనం ఉంది. ఎవరితో మాట్లాడాలి, ఎప్పటికి ఇంటికి చేరాలి, తన సాయంత్రం తనదా కాదా అన్నవే సమస్యలు. మధ్యలో లేచి వెళ్లి వస్తే ఆ ఊపిరాడనితనం జారిపోతుంది, ‘ఇంత మాత్రానికేనా?’ అనిపిస్తుంది. చుట్టుపక్కలవాళ్లు అరుణలాంటివాళ్లను అడిగే ప్రశ్న కూడా అదే. మూడుసార్లు వెనక్కి వెళ్లాను. ఈ నవలకు తెగిపోని తీరిక కావాలి. ఆ తీరిక స్త్రీకి లేకపోవడమే దాని వస్తువు.

అక్కడ నా లెక్క మారింది. నవలలు లెక్కపెట్టడం మాని గంట లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం రెండు నుంచి మూడు. ఏడాదికి యాభై పుస్తకాలు చదివామని జాబితాలు వేసే మగవాళ్లను చూస్తుంటాను. ఆ యాభై పుస్తకాల వెనక ఎన్ని కాఫీ కప్పులున్నాయో, అవి ఎవరు కడిగారో ఆ జాబితాలో ఉండదు. నా గంటకు ఇంట్లో మొదటి వారం నవ్వారు, రెండో వారం విసుక్కున్నారు. ట్యాంకరు మాత్రం రెండు రోజులు సరిగ్గా రెండున్నరకే వచ్చింది.

తీరిక లేని స్త్రీలకు మాలతీ చందూర్ ఇంకో దారి చూపింది. స్వాతి మాసపత్రికలో ‘పాత కెరటాలు’ శీర్షిక కింద ఇంగ్లీషు నవలలను కొద్ది పేజీల్లో చెప్పింది. ఇంగ్లీషు రాని ఎందరికో ప్రపంచ నవల అలా పరిచయమైంది. దాన్ని చిన్నచూపు చూసే ఉద్దేశం నాకు లేదు, నేనూ వాటి కోసం ఎదురుచూసినదాన్నే. కానీ అరుణ కథను ఆ పద్ధతిలో చెప్తే ఏం మిగులుతుంది? ప్రేమించింది, పెళ్లి చేసుకుంది, విడిపోయింది. ఊళ్లో ఎవరిని అడిగినా అంతవరకు చెప్తారు, మధ్యలో గడిచిన సాయంత్రాల గురించి మాత్రం ఎవరూ చెప్పరు.