కాలివేలా, తాడా?

ప్రూఫులు దిద్దేవాడికి కంప్యూటర్ పట్టిచ్చే తప్పులతో పెద్ద పనుండదు. ఎర్రగీత పడిందా, సరిచేసి ముందుకు పోవడమే. చిక్కంతా ఎర్రగీత పడని వాటితోనే. రెండు మాటలూ నిఘంటువులో ఉంటాయి, పలకడానికీ ఒక్కటే, తీరా వాక్యంలో వచ్చి కూర్చున్నది పరాయిది. ఇంగ్లిష్‌లో 'టో ద లైన్' అలాంటిదే. కాలివేలు అనే 'టో'కు చివర ఈ, పడవను కట్టి లాగే 'టో'కు చివర డబ్ల్యూ. జాతీయంలో ఉన్నది కాలివేలే. పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీ విజయ పురం, నాకింకా నోరు తిరగలేదు) నా బల్ల మీదికొచ్చే సంఘాల ఇంగ్లిష్ కరపత్రాల్లో, అర్జీల్లో మాత్రం డబ్ల్యూదే రాజ్యం. తెలుగు లిపిలో రాసుకుంటే ఈ గొడవే లేదు.

ఈ ఊళ్లో ఆ తప్పు రాసినవాణ్ణి నేను పెద్దగా తిట్టుకోను. జంగ్లీఘాట్ ఒడ్డుకెళ్లి చూడండి. అక్కడ వేటకెళ్లేవాళ్లలో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చిన మనవాళ్లు చాలామంది. ఇంజిన్ చెడిన డింగీ ఒక్కోసారి ఇంకో డింగీ వెనక వస్తుంటుంది. మధ్యలో తాడు ఒక అలకు వదులై నీళ్లలో మునుగుతుంది, మరో అలకు బిగుసుకుని, పిండిన గుడ్డలా నీళ్లు కారుస్తూ పైకి లేస్తుంది. పైగా ఓడవాళ్లు తాడును లైన్ అంటారు. కట్టి లాగే తాడు 'టో లైన్'. హేడో రేవు చూస్తూ పెరిగిన కుర్రాడు డబ్ల్యూ రాయక ఏం రాస్తాడు?

కానీ జాతీయంలోని లైను తాడు కాదు, గీత. 19వ శతాబ్దం తొలి దశాబ్దాల నుంచి ఈ మాట అచ్చులో కనిపిస్తుంది. పరుగుపందెంలో గీతకు వేళ్లు ఆనించి నిలబడడం నుంచి వచ్చిందని కొందరంటారు. నౌకాదళం వాళ్ల కథ వేరు. చెక్క డెక్కు పలకల సందుల్లో పాత తాళ్ల పీచు కూరి, పైన తారు పోసేవారు. ఆ నల్లచారలకు వేళ్లు ఆనించి నావికులు వరసగా నిలబడేవారట. నాకు ఈ కథే ఇష్టం, అంతమాత్రాన ఇదే నిజమనను. అన్నట్టు, ఆ పాత తాళ్ల పీచు విడదీయడం ఇంగ్లండ్ జైళ్లలో ఖైదీల చేత చేయించిన చాకిరీ. 1906లో పూర్తయిన మన సెల్యులార్ జైల్లో కొబ్బరి డొక్కలు దంచించి పీచు తీయించారు.

ఏ కథ పట్టుకున్నా అర్థం ఒకటే: గీత దాటకుండా, చెప్పినట్టు నడుచుకోవడం. 'గీసిన గీత దాటడు' అంటామే, దాదాపు అదే. తాడు లాగేవాడు కష్టపడతాడు, బరువు అతనిదవుతుంది. గీత దగ్గర నిలబడ్డవాడు అడుగు ముందుకేయకపోతే చాలు, లోలోపల తిట్టుకోనూ వచ్చు. పార్టీ విప్‌కు తలొగ్గి చెయ్యెత్తిన సభ్యుడి గురించి రాసేటప్పుడు ఈ తేడా చిన్నది కాదు. డబ్ల్యూ పెట్టామంటే, మనసు చంపుకున్నవాణ్ణి పార్టీ బండి లాగిన కార్యకర్తగా మార్చేసినట్టే.

తుపాను రోజుల్లో వినపడే 'బ్యాటన్ డౌన్ ద హ్యాచెస్'దీ ఇదే తంతు. ఓడలో సరుకు దించే నోళ్ల మీద తార్పాలిన్ పరిచి, అంచులు చెక్క పట్టీలతో బిగించడం అది. గండానికి ముందే సిద్ధపడమని భావం. పట్టీకి టీలు రెండు, వెనక ఈ. ఒక టీ తీసేసి, ఈ బదులు ఓ పెడితే పోలీసు లాఠీ. 2013 నవంబర్‌లో లెహర్ తుపాను పోర్ట్ బ్లెయిర్ దగ్గర దీవుల్ని దాటి ఆంధ్ర తీరం వైపు వెళ్లింది. అలాంటి గాలికి లాఠీ చూపించి ఏం లాభం?

సంఘాల కార్యదర్శులకు ఒక మనవి. ఇంగ్లిష్ కరపత్రం ప్రెస్సుకు పంపేముందు, మీ సభ్యుడు నిలబడ్డాడా, లాగుతున్నాడా చూసుకోండి. నిలబడితే ఈ, లాగితే డబ్ల్యూ. అచ్చయ్యాక నా దగ్గరికి తెస్తే నేను చేయగలిగిందేమీ లేదు.